ఈ పేపరు ఏ జేఎన్‌టీయూది? ఒక సాంకేతిక విశ్వవిద్యాలయ పరిశోధనను లెక్కగట్టే తీరు: కేస్ స్టడీ

జేఎన్‌టీయూ హైదరాబాద్ పేపర్లు ఎన్ని అని అడిగితే పరిశోధన పేపర్ల డేటాబేస్ అయిన స్కోపస్ ఒక అంకె చెబుతుంది, అలాంటిదే అయిన వెబ్ ఆఫ్ సైన్స్ ఇంకోటి చెబుతుంది. గూగుల్ స్కాలర్ ఈ రెండింటితో పొంతన లేని అంకె చూపిస్తుంది, యూనివర్సిటీ నాణ్యతా విభాగం (ఐక్యూఏసీ) ఫైల్లో మరోటి ఉంటుంది. వీటిలో ఏది నిజమన్న వాదన మొదలైతే మీటింగు అక్కడే తెల్లారుతుంది. "జేఎన్‌టీయూహెచ్ పేపరు" అంటే ఏమిటో తేల్చుకోకుండా లెక్కకు దిగడమే ఈ గొడవకు మూలం. సైటేషన్లు (ఒక పేపరును వేరే పేపర్లు ఉటంకించిన సార్లు) కూడటం, హెచ్-ఇండెక్స్ (కనీసం 6 సైటేషన్లున్న పేపర్లు 6 ఉంటే 6, అలా) తీయడం ఎక్సెల్‌లో పూట పని. ఏ పేపరు ఎవరిదో తేల్చడానికి మాత్రం నెలలు పడుతుంది.

ఈ చిక్కును అర్థం చేసుకోవడానికి జేఎన్‌టీయూ కంటే మంచి కేసు మన దగ్గర లేదు. 1972 అక్టోబరు 2న అనంతపురం, కాకినాడ, హైదరాబాద్ ఇంజినీరింగ్ కాలేజీలనూ, హైదరాబాద్‌లోని ఫైన్ ఆర్ట్స్, ఆర్కిటెక్చర్ కాలేజీనీ కలిపి ఒకే విశ్వవిద్యాలయం చేశారు. 2008 ఆగస్టులో అది నాలుగైంది: హైదరాబాద్, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూలు, ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్‌కు విడిగా జేఎన్ఏఎఫ్ఏయూ. 2022లో కాకినాడ నుంచి విజయనగరం విడిపోయి జేఎన్‌టీయూ-గురజాడ అయింది. విజయనగరం క్యాంపస్ 2007లో మొదలైంది. అంటే అక్కడ ఒకే గదిలో కూర్చున్న అధ్యాపకుడు పదిహేనేళ్లలో మూడు యూనివర్సిటీల పేర్లతో పేపర్లు రాసి ఉండొచ్చు. మనిషి మారలేదు, ల్యాబ్ మారలేదు. డేటాబేస్‌కు మాత్రం అవి మూడు వేర్వేరు సంస్థలు.

గీత ఎక్కడ గీయాలి

జేఎన్‌టీయూలాంటి యూనివర్సిటీకి సొంత క్యాంపస్‌తో పాటు అనుబంధ కాలేజీలు ఉంటాయి. అందుకే పేపర్లను మూడు వలయాలుగా విడగొట్టాలి. మొదటిది, యూనివర్సిటీ జీతం ఇచ్చే అధ్యాపకులవి. హైదరాబాద్ విషయానికొస్తే కూకట్‌పల్లి క్యాంపస్, జగిత్యాల, మంథని, సుల్తాన్‌పూర్ లాంటి సొంత కాలేజీలు ఇందులోకి వస్తాయి. రెండోది, యూనివర్సిటీలో రిజిస్టర్ అయిన పీహెచ్‌డీ స్కాలర్లవి. మూడోది, అనుబంధ ప్రైవేటు కాలేజీల అధ్యాపకులు తమ కాలేజీ పేరు పక్కన "అఫిలియేటెడ్ టు జేఎన్‌టీయూహెచ్" అని రాసుకున్నవి.

మూడో వలయాన్ని మొదటిదాంట్లో కలిపేస్తే అంకె ఉబ్బుతుంది. యూనివర్సిటీ ఆ పరిశోధనకు డబ్బు పెట్టలేదు, ల్యాబ్ ఇవ్వలేదు, గైడ్‌ను ఇవ్వలేదు. సిలబస్, పరీక్షలు మాత్రమే ఇచ్చింది. అలాగని మొత్తం కొట్టేస్తే ఇంకో తప్పు జరుగుతుంది. పార్ట్‌టైమ్ స్కాలర్లలో చాలామంది ప్రైవేటు కాలేజీలో పాఠం చెబుతూ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసేవాళ్లే. వాళ్లు పేపర్లో పనిచేసే కాలేజీ పేరే రాస్తారు, ఎందుకంటే అక్కడ ఇంక్రిమెంటుకు, నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైలుకు ఆ పేరే కావాలి. గైడ్ పేరు రెండో రచయితగా ఉంటే ఆ పేపరు యూనివర్సిటీ ఖాతాలోకి వస్తుంది. గైడ్ పేరు లేకపోతే పీహెచ్‌డీలో పుట్టిన పేపరే అయినా కనబడకుండా పోతుంది. ఇలాంటివి పట్టుకోవాలంటే ఒకటే దారి: పరిశోధన విభాగం నుంచి స్కాలర్ల జాబితా (పేరు, రిజిస్ట్రేషన్ ఏడాది, గైడ్, పనిచేసే కాలేజీ) తీసుకుని పేపర్ల రచయితలతో సరిపోల్చాలి. శోధ్‌గంగలో (పీహెచ్‌డీ థీసిస్‌ల ఆన్‌లైన్ భాండారం) ఉన్న థీసిస్‌ల చివర స్కాలర్లు ఇచ్చుకున్న ప్రచురణల జాబితా కూడా ఇక్కడ బాగా పనికొస్తుంది. ఆ పేజీని ఎవరూ చూడరు, కానీ దొరకని పేపర్లలో చాలా వరకు అక్కడ దొరుకుతాయి.

మూడు వలయాలనూ మూడు నిలువు వరుసల్లో చూపించాలి. వీటి మొత్తం ఎంత అని వైస్ ఛాన్సలర్ ఆఫీసు అడుగుతుంది. ఇవ్వండి, కానీ మూడు వరుసలతో కలిపే ఇవ్వండి.

అడ్రసు లైను చదవడం

డేటా దించుకునేటప్పుడు డేటాబేస్ ఇచ్చిన సంస్థ గుర్తింపు సంఖ్య ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. స్కోపస్‌లో సంస్థల ప్రొఫైళ్లు చాలా వరకు యంత్రం కట్టినవే. ఒక పేరును ఇంకో రకంగా రాస్తే కొత్త ప్రొఫైల్ పుడుతుంది, లేదా పక్కవాళ్ల ప్రొఫైల్లోకి వెళ్లిపోతుంది. కాబట్టి రెండు వెతుకులాటలు చేసి కలపాలి. ఒకటి గుర్తింపు సంఖ్యతో. రెండోది అడ్రసులోని మాటలతో: జవహర్‌లాల్ కలిపి రాసినవి, జవహర్, లాల్ విడదీసి రాసినవి, టెక్నలాజికల్ బదులు టెక్నాలజీ అన్నవి, ఉత్త జేఎన్‌టీయూ, జేఎన్‌టీయూహెచ్, జేఎన్‌టీయూసీఈహెచ్, జేఎన్‌టీయూహెచ్‌సీఈహెచ్. అనంతపురం విషయంలో స్పెల్లింగే నాలుగైదు రకాలు: "టి" తర్వాత "హెచ్" ఉన్నవీ లేనివీ, చివర "పూర్" అన్నవి, "పురం" అన్నవి, "పురము" అన్నవి.

ఈ వల విసిరితే పక్క చెరువు చేపలు కూడా పడతాయి. ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ సైంటిఫిక్ రీసెర్చ్ పేర్లు వచ్చి కూర్చుంటాయి. బెంగళూరు సంస్థ పేపర్లకు సైటేషన్లు భారీగా ఉంటాయి. అవి పది పొరపాటున లోపలికొచ్చినా మొత్తం సగటు పైకి లేస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. మంచి వార్తను ఎవరు తనిఖీ చేస్తారు? అందుకే సైటేషన్లలో పైనున్న యాభై పేపర్ల అడ్రసులను ఒక్కొక్కటిగా కళ్లతో చదవడం తప్పనిసరి.

నాలుగు జేఎన్‌టీయూలను వేరు చేయడానికి ఊరి పేరు కంటే పిన్ కోడ్ నమ్మదగ్గది. కూకట్‌పల్లికి 500085, పాత పేపర్లలో 500072. జేఎన్ఏఎఫ్ఏయూ ఉన్న మాసబ్‌ట్యాంక్‌కు 500028. కాకినాడకు 533003. అనంతపురానికి 515002. విజయనగరానికి 535003. "జేఎన్‌టీయూ, హైదరాబాద్" అని మాత్రమే ఉండి, పిన్ కోడ్ 500028 అయితే అది కూకట్‌పల్లి ఇంజినీరింగ్ కాలేజీ పేపరు కాదు, మాసబ్‌ట్యాంక్ క్యాంపస్‌ది. ఇంకా తిరకాసు ఏమిటంటే, 2008కి ముందు కాకినాడ అధ్యాపకుడు రాసిన పేపర్లో యూనివర్సిటీ పేరు జేఎన్‌టీయూ, యూనివర్సిటీ ఊరు హైదరాబాద్ అని ఉండొచ్చు, ఎందుకంటే కేంద్ర కార్యాలయం అక్కడే ఉండేది. కాలేజీ ఊరు దానికి ముందు, అదే లైనులో ఎక్కడో ఉంటుంది. యంత్రం చివరి ఊరిని పట్టుకుంటుంది. అందుకే 2008 ఆగస్టు దాకా వచ్చిన పేపర్లన్నీ కాలేజీ పేరును బట్టి చేత్తో పంచాలి. కాలేజీ పేరు కూడా లేకుండా జేఎన్‌టీయూ అని మాత్రమే ఉన్నవి "ఉమ్మడి" అనే విడి డబ్బాలో వేయాలి. ఎవరికీ పంచకపోవడమే నిజాయితీ.

పిన్ కోడ్‌తో తేలనివి కొన్ని ఉంటాయి. అనుబంధ కాలేజీలుగా ఉండి తర్వాత సొంతంగా యూనివర్సిటీలు అయినవి ఉన్నాయి. అనురాగ్ కాలేజీల సమూహం 2020లో అనురాగ్ విశ్వవిద్యాలయం కావడం ఒక ఉదాహరణ. ఇలాంటి కాలేజీల పాత పేపర్లు ప్రచురించిన రోజున జేఎన్‌టీయూహెచ్ మూడో వలయంలోవే. మారిన తేదీ తర్వాతవి కావు. పేపరు ఆమోదం పొందిన తేదీ కాదు, అడ్రసులో రాసిన పేరే ప్రమాణం అని ముందే నియమం రాసి పెట్టుకోవాలి.

ఇంటిపేరు తిప్పలు

డేటాబేస్ నిర్మాణం పాశ్చాత్య పేర్లకు కట్టింది: చివరి మాట వంశం పేరు అనుకుంటుంది. మనకు ఇంటిపేరు ముందు, అది కూడా పొడి అక్షరం. కె. శ్రీనివాసరావు లాంటి పేరు డేటాలో నాలుగు రకాలుగా దిగుతుంది: రావు, కె.ఎస్. అని ఒకచోట, శ్రీనివాస రావు, కె. అని ఇంకోచోట, శ్రీనివాసరావు, కె. అని కలిపి, ఇంటిపేరు విప్పి రాస్తే అసలు వేరే మనిషిలా. రావు, రెడ్డి, ప్రసాద్, కుమార్‌లతో వచ్చే ప్రొఫైళ్లు ఎప్పుడూ అనుమానించదగ్గవే. రెండు దిక్కులా తప్పు జరుగుతుంది: ఒకే మనిషి మూడు ప్రొఫైళ్లుగా చీలిపోతాడు, లేదా ముగ్గురు మనుషులు ఒకే ప్రొఫైల్లో కలిసిపోతారు. రెండోది ప్రమాదకరం. సివిల్ ప్రొఫెసర్ ప్రొఫైల్లో ఫార్మసీ పేపర్లు కనిపిస్తే కలిసిపోయిందని అర్థం. గూగుల్ స్కాలర్‌లో పేపర్లు తమంతట తామే చేరే సెట్టింగ్ పెట్టుకున్నవాళ్లకు ఇది మామూలే.

ఆర్కిడ్ సంఖ్య (ఒక్కో పరిశోధకుడికి విడిగా ఉండే గుర్తింపు) ఉంటే పని సగం తగ్గుతుంది. 2012లో మొదలైన ఈ గుర్తింపులో 16 స్థానాలు ఉంటాయి. చివరిది ముందు 15 అంకెల నుంచి లెక్కగట్టే తనిఖీ అంకె, కొన్నిసార్లు అక్కడ ఎక్స్ ఉంటుంది. అధ్యాపకుల నుంచి ఫారాల్లో సేకరించేటప్పుడు ఎక్స్ చూసి టైపు తప్పనుకుని తీసేసేవాళ్లున్నారు. సంఖ్య మధ్యలోని అడ్డగీతలు కూడా తీయకూడదు. తీస్తే ఎక్సెల్ దాన్ని మామూలు అంకె అనుకుని ముందున్న సున్నాలు మింగేస్తుంది.

శుభ్రం చేయడం

స్కోపస్ నుంచి దించిన సీఎస్‌వీ ఫైలును డబుల్ క్లిక్ చేసి ఎక్సెల్‌లో తెరవొద్దు. పేజీలు 5-8 అని ఉంటే మన దేశపు తేదీ సెట్టింగ్‌తో అది ఆగస్టు 5 అయిపోతుంది. సేవ్ చేశాక వెనక్కి రాదు. డేటా మెనూలో నుంచి దిగుమతి చేసి, అన్ని నిలువు వరుసలనూ టెక్స్ట్‌గా, ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8గా పెట్టాలి. మొదట దించిన ఫైలును తాకకుండా తేదీతో దాచాలి, పనంతా నకలు మీదే.

అడ్రసుల రకాలను ఒక దారికి తేవడానికి ఓపెన్‌రిఫైన్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో క్లస్టర్ ఆదేశం ఇస్తే ఒకేలా కనిపించే పేర్లను గుంపులుగా చూపిస్తుంది. ఫింగర్‌ప్రింట్ పద్ధతితో (మాటల వరుస, చుక్కల తేడాలు పట్టించుకోదు) మొదలుపెట్టి తర్వాత ఎన్-గ్రామ్‌కు (అక్షరాల ముక్కలతో పోలుస్తుంది) వెళ్లాలి. "అన్నీ ఎంచుకో" నొక్కి విలీనం చేయడం మాత్రం కొంప ముంచుతుంది. జేఎన్‌టీయూకే, జేఎన్‌టీయూఏ మధ్య తేడా ఒక్క అక్షరమే. సాఫ్ట్‌వేర్‌కు అది టైపు తప్పు, మనకు అది రెండు యూనివర్సిటీలు.

రెండు డేటాబేస్‌ల జాబితాలు కలిపాక డూప్లికేట్లు తీయాలి. డీఓఐని (ఒక్కో పేపరుకు ఉండే శాశ్వత గుర్తింపు) చిన్న అక్షరాల్లోకి మార్చి, ముందున్న వెబ్ చిరునామా కొట్టేసి పోల్చాలి. డీఓఐ లేనివాటికి శీర్షికలోంచి చుక్కలు, ఖాళీలు తీసేసి, దానికి మొదటి పేజీ సంఖ్య జోడించి పోల్చితే సరిపోతుంది. ఏడాదిని ఈ పోలికలో వాడకపోవడమే మేలు: నవంబరులో ఆన్‌లైన్‌లో వచ్చిన పేపరు మరుసటి ఏడాది సంచికలో పడితే ఒక డేటాబేస్‌లో ఒక ఏడాది, ఇంకోదాంట్లో ఇంకో ఏడాది ఉంటుంది.

స్కోపస్, వెబ్ ఆఫ్ సైన్స్ చందా లేని కాలేజీ ఓపెన్ఎలెక్స్ డేటాబేస్‌తో మొదలుపెట్టొచ్చు. 2022 నుంచి ఉచితంగా అందుబాటులో ఉంది. పరిధి పెద్దది, కాబట్టి చెత్త కూడా ఎక్కువే. అడ్రసు తనిఖీ ఇంకా గట్టిగా చేయాలి. 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర ప్రభుత్వ పథకం వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ 30 మంది ప్రచురణకర్తల పత్రికలు చదవడానికి. దాన్ని సైటేషన్ డేటాబేస్ చందాతో కలిపి చూసేవాళ్లు ఎక్కువయ్యారు. రెండూ వేరు.

వాటా లెక్క

ఐదుగురు రచయితల్లో ఇద్దరు కూకట్‌పల్లి వాళ్లయితే, పూర్తి లెక్కలో ఆ పేపరు యూనివర్సిటీకి 1. వాటా లెక్కలో 0.4. ఆ ఇద్దరిలో ఒకరు ప్రైవేటు కాలేజీ అడ్రసు, యూనివర్సిటీ అడ్రసు రెండూ ఇస్తే అతని వాటా సగమై మొత్తం 0.3కి దిగుతుంది. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి. పూర్తి లెక్క ఏటా పెరుగుతూ వాటా లెక్క కదలకుండా ఉంటే దాని అర్థం పేపర్లు పెరగలేదు, రచయితల జాబితాలు పొడవయ్యాయి. ఈ ఒక్క పోలిక విభాగాధిపతులకు నచ్చదు, కానీ నివేదికలో అన్నిటికంటే పనికొచ్చేది ఇదే.

పెరుగుదల గీతను చదివేటప్పుడు నిబంధనల తేదీలు పక్కన ఉంచుకోవాలి. యూజీసీ 2009, 2016 పీహెచ్‌డీ నిబంధనలు థీసిస్ ఇచ్చే ముందు రిఫరీడ్ జర్నల్లో (నిపుణులు పరిశీలించి అచ్చేసే పత్రిక) పేపరును తప్పనిసరి చేశాయి. 2022 నవంబరు నిబంధనలు ఆ షరతు తీసేశాయి. యూజీసీ గుర్తించిన పత్రికల కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలో ఆపేశారు. ఆ తర్వాత స్కాలర్ల పేపర్లు తగ్గితే పరిశోధన తగ్గిందని వెంటనే రాసేయకూడదు. షరతు కోసం రాసిన పేపర్లు తగ్గి ఉండొచ్చు.

ప్రభావం కొలవడం

ఒక చిన్న విభాగానికి పది పేపర్లు ఉన్నాయనుకుందాం. సైటేషన్లు పెద్దది నుంచి చిన్నదానికి: 48, 21, 15, 9, 7, 6, 6, 3, 2, 0. మొత్తం 117, సగటు 11.7, మధ్యమం 6.5. ఆరో పేపరుకు 6 ఉన్నాయి, ఏడోదానికి కూడా 6 మాత్రమే, కాబట్టి హెచ్-ఇండెక్స్ 6. ఇప్పుడు 48 సైటేషన్ల పేపరు నిజానికి బెంగళూరు సంస్థదని తేలి తీసేశామనుకోండి. సగటు 7.7కి పడిపోతుంది. హెచ్-ఇండెక్స్ 6 దగ్గరే ఉంటుంది. ఒక్క అడ్రసు తప్పుకు సగటు ఎంత ఊగుతుందో, హెచ్-ఇండెక్స్ ఎంత మొద్దుగా ఉంటుందో రెండూ ఇక్కడ కనిపిస్తాయి. మొద్దుగా ఉండటం మంచిదే అనిపిస్తుంది కానీ, 2005లో భౌతిక శాస్త్రవేత్త హిర్ష్ దాన్ని ప్రతిపాదించింది ఒక్కో శాస్త్రవేత్తకు. మొత్తం యూనివర్సిటీకి కడితే అది వయసునూ పరిమాణాన్నీ కొలుస్తుంది. 1972 నాటి వారసత్వం ఉన్న కూకట్‌పల్లిని 2022లో పేరు మారిన విజయనగరంతో హెచ్-ఇండెక్స్‌లో పోల్చడం తాతనూ మనవడినీ పక్కపక్కన నిలబెట్టి ఎత్తు కొలవడమే.

విభాగాల మధ్య పోలికకు రంగాన్ని సవరించిన సైటేషన్ నిష్పత్తి కావాలి. అదే రంగం, అదే ఏడాది, అదే రకం పేపర్లకు ప్రపంచ సగటు ఎంతో చూసి, మన పేపరు సైటేషన్లను దాంతో భాగిస్తారు. 1.00 అంటే ప్రపంచ సగటు. గణితం పేపరుకు 6 సైటేషన్లు, ఆ రంగం సగటు 4 అయితే నిష్పత్తి 1.5. నానో పదార్థాల పేపరుకు 12, అక్కడి సగటు 15 అయితే 0.8. మామూలు చూపుకు రెండోది గొప్పగా కనిపిస్తుంది. వంద పేపర్లు కూడా లేని విభాగానికి ఈ సగటు ఇవ్వొద్దు. ఒక్క సమీక్షా వ్యాసం దాన్ని రెట్టింపు చేసేస్తుంది. వాళ్లకు "ప్రపంచంలో పై 10 శాతంలో పడిన పేపర్లు ఎన్ని" అన్న లెక్క చాలు.

గూగుల్ స్కాలర్ అంకెలు థీసిస్‌లు, సెమినార్ పుస్తకాలు, ప్రీప్రింట్లు అన్నీ కలుపుకుంటాయి. పట్టికలో వాటిని స్కోపస్ అంకెల పక్కన పెట్టి కూడకూడదు. విడిగా చెప్పొచ్చు.

కుళ్లినవి ఏరడం

రిట్రాక్షన్ (అచ్చైన పేపరును పత్రిక వెనక్కి తీసుకోవడం) తనిఖీ ఇప్పుడు ఐచ్ఛికం కాదు. 2023లో హిందావి పత్రికల నుంచి ఒక్క ఏడాదిలోనే ఎనిమిది వేలకు పైగా పేపర్లు వెనక్కి తీసుకున్నారు. ఇలాంటి పేపర్లను నమోదు చేసే రిట్రాక్షన్ వాచ్ జాబితాను 2023లో డీఓఐలు నమోదు చేసే సంస్థ క్రాస్‌రెఫ్ తీసుకుని అందరికీ తెరిచింది. దాన్ని దించుకుని డీఓఐలతో సరిపోల్చడం పది నిమిషాల పని. దొరికిన పేపర్లను పట్టికలోంచి తీసి, విడిగా ఒక పేజీలో చూపించాలి. మాయం చేయకూడదు. ఇండెక్స్ నుంచి తీసేసిన పత్రికల సంగతి వేరే: తీసేసేనాటికి ఎక్కిన పేపర్లు సాధారణంగా స్కోపస్‌లో అలాగే ఉండిపోతాయి. వెతికితే వస్తాయి, కాబట్టి పత్రిక స్థితి గడి ఒకటి అదనంగా ఉండాలి.

కాపీని పట్టే సాఫ్ట్‌వేర్‌ను తప్పించుకోవడానికి మాటలు తిప్పిన పేపర్లను కళ్లతోనే పట్టాలి. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ బదులు "కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్", బ్రెస్ట్ క్యాన్సర్ బదులు "బూజమ్ పెరిల్", బిగ్ డేటా బదులు "కొలోసల్ ఇన్ఫర్మేషన్". ఈ రంగంలో పనిచేసేవాడు ఎవడూ అలా రాయడు. పేపరు మొదట ఉండే సంక్షిప్తంలో (అబ్‌స్ట్రాక్ట్) ఇలాంటివి ఒక్కటి కనబడ్డా పేపరంతా చదవాలి. అలాగే ఒక పేపరుకు వచ్చిన సైటేషన్లలో సగానికి మించి ఒకే సమావేశ సంకలనం నుంచి, ఒకే నెలలో వస్తే అవి ఎక్కడి నుంచి వచ్చాయో రాసి పెట్టాలి. నేరం అని రాయనక్కర్లేదు, ఎక్కడివో చూపిస్తే చాలు.

పేటెంట్ల గురించి ఒక్క మాట: ప్రచురితమైనది మంజూరైనది కాదు. ఫారం 9 పెడితే దరఖాస్తు త్వరగా పేటెంట్ ఆఫీసు జర్నల్లో అచ్చవుతుంది, అందులో పరీక్ష ఏమీ జరగలేదు. రెండు గడులు వేరుగా ఉండాలి. విభాగాలు "పేటెంట్లు: 40" అని పంపితే దరఖాస్తు సంఖ్యలు అడగండి.

ముందుకు

చివరికి చేతిలో మిగలాల్సింది పట్టికతో పాటు ఒక అడ్రసు వాక్యం. విభాగం, కాలేజీ పూర్తి పేరు, యూనివర్సిటీ పూర్తి పేరు, ఊరు, పిన్ కోడ్, రాష్ట్రం, ఈ వరుసలోనే. దాన్ని పీహెచ్‌డీ ప్రవేశ పత్రం మీదే ముద్రించి ఇవ్వాలి. పార్ట్‌టైమ్ స్కాలర్‌కు రెండు అడ్రసులు రాయమని, మొదటిది ఏదో రెండోది ఏదో గైడ్‌తో ముందే తేల్చుకోమని చెప్పాలి. పాత తప్పులను సరిచేయమని డేటాబేస్ వాళ్లను అడిగేటప్పుడు "మా పేపర్లు కనబడట్లేదు" అని ఉత్తరం రాస్తే పని జరగదు. పేపరు గుర్తింపు సంఖ్య, ఇప్పుడున్న అడ్రసు, ఉండాల్సిన అడ్రసు, పీడీఎఫ్ మొదటి పేజీ, ఈ నాలుగూ ఒక్కో వరుసలో ఉన్న ఫైలు పంపాలి. విజయనగరం వాళ్లు ఈ ఫైలును ఇప్పుడే తెరవడం మంచిది. 2022కి ముందు పంపి తర్వాత అచ్చైన పేపర్లు కాకినాడ పేరుతో, 535003 పిన్‌తో డేటాబేస్‌లో కూర్చునే ఉంటాయి.